పడవ ఒడ్డుకొచ్చేదాకా

మొన్న పొద్దున మా వాకిట్లో నా కొడుకు పడవలోకి మంచినీళ్ళ డబ్బాలు సర్దుతూ, తలెత్తకుండానే ఒక మాట అన్నాడు. "పిల్లని రేపు పంపుదాం లేమ్మా. ఒక్క రోజుకి బడేటి కొట్టుకుపోద్దేటి?" నా చేతిలో పసుపు నీళ్ళ చెంబు ఉంది. దాన్ని వాడి నెత్తిన బోర్లించకుండా గుమ్మంలో పెట్టానంటే, ఈ వయసులో నాకు కాస్త ఓర్పు వచ్చిందనే అనుకోవాలి.

మాది విశాఖపట్నం ఒడ్డున సముద్రం మీద బతికే పేట. వేసవిలో వేట నిషేధం పెడతారు. అది ముగిసి పడవలు మళ్ళీ నీళ్ళలోకి దిగే వేళకే బళ్ళూ తెరుస్తారు. తొలి వేట రోజున ఇంటి ఆడపిల్ల పడవ ముక్కుకి పసుపు నీళ్ళు పోసి సాగనంపాలి. ఆ పడవ తిరిగి ఒడ్డు తగిలేదాకా ఆ పిల్ల పేట దాటకూడదు. దాటితే వల ఖాళీగా వస్తుందంటారు. కొందరు ఇంకా పెద్ద మాటే అంటారు, అది నేను రాయను. నా చిన్నప్పుడు తెరచాప ఎత్తి, చుక్కలు చూసి వెళ్ళేవారు. ఇప్పుడు ఇంజన్లు వచ్చాయి, దారి చూపే పెట్టెలు వచ్చాయి, గాలివాన సంగతి ఫోన్లో ముందే తెలుస్తోంది. అన్నీ మారాయి గానీ ఆడపిల్ల కాళ్ళకి కట్టిన ఈ తాడు మాత్రం ఎవరూ మార్చలేదు.

నిరుడు నా మనవరాలికి గురుకులంలో ఐదో తరగతి సీటు వచ్చింది. సర్కారు వాళ్ళది, పరీక్ష పెట్టి తీసుకుంటారు. మా పేట నుంచి చాలామంది పిల్లలు రాశారు, దీనికి ఒక్కదానికే వచ్చింది. ఇల్లంతా పండగ చేసుకోవాల్సిన సంగతి. కానీ నిషేధం రోజుల్లో మగవాళ్ళందరూ పడవల నీడన పేకాడుకుంటూ ఉండగా, ఒక ప్రైవేటు బడి తాలూకు మనిషి వచ్చి అందరికీ టోపీలు పంచి వెళ్ళాడు. పచ్చ బస్సు ఇంటి ముందుకే వస్తుందట, టై కడతారట, ఇంగ్లీషు తప్ప మరో మాట వినబడదట. టోపీ పెట్టుకుని ఇంటికొచ్చిన నా కొడుకు బుర్రలో ఆ టోపీ కింద ఇంకేమీ మిగల్లేదు. పైగా వాడి బావమరిది ఒకడున్నాడు, మా కోడలి తమ్ముడు. పేకముక్కలు కలుపుతూ అందరి ముందూ అన్నాడట: "ఏటి బావా, సొంత పడవున్నోడివి, పిల్లని సర్కారు కూటికి పంపుతావేటి?"

ఆ మాట వీడికి ముల్లులా దిగింది. ఇంటికొచ్చి నా చేపల వ్యాపారమే నా మీదకి తిప్పాడు. "ఊరికే ఇచ్చిన సేప నువ్వు తీసుకుంటావేటమ్మా? పులిసిపోయిందనేగా ఊరికే ఇత్తారు? మరి ఊరికే ఇచ్చిన సదువేటి సదువు?"

"ఊరికే ఇచ్చిందేటిరా? పరీచ్చ రాసి తెచ్చుకుంది నా తల్లి. అయినా మొప్ప ఎత్తి సూడకుండా పులిసిందంటావేటి? రా, రెండూ సూసొద్దాం."

వాడు రాలేదు. కోడలూ నేనూ వెళ్ళాం. ప్రైవేటు బడి బజారులో దుకాణాల పైన మూడంతస్తులు. కిటికీలన్నిటికీ ర్యాంకులొచ్చిన పిల్లల బొమ్మలు ఎంత పెద్దవి అంటించారంటే, లోపల పట్టపగలే దీపాలు వేసుకున్నారు. ఆడుకునే చోటేదమ్మా అని అడిగితే అక్కడి అమ్మాయి నవ్వింది, ఆడుకోవడానికి ఇంత దూరం వచ్చారా అన్నట్టు. గురుకులం పద్మనాభం ఊరి అవతల, పొలాల మధ్య. దాన్నీ పొగడను. గోడలకి సున్నం లేచిపోయింది, కుళాయి దగ్గర బకెట్లు బారులు తీరి ఉన్నాయి, వంటింట్లో సాంబారు నీళ్ళకి చుట్టంలా ఉంది. కానీ వరండాలో ఆడపిల్లలు కాళ్ళు చాపుకుని, ఎవరూ చెప్పకుండానే, ఒళ్ళో పుస్తకాలు పెట్టుకుని చదువుతున్నారు. ఒకత్తి ఏదో చదివి పకపకా నవ్వింది. నా మనసు అక్కడే ఆగిపోయింది. కోడలు మాత్రం దారంతా కళ్ళు తుడుచుకుంది. "ఇంత దూరంలో ఎలా వదిలేత్తావత్తా?" అంది. దానిమీద నాకు కోపం రాలేదు. అది బెంగ, దానికి మర్యాద ఇవ్వాలి.

కోపం వచ్చింది తరవాత. సీటు వచ్చినవాళ్ళు ఫలానా రోజున వచ్చి చేరకపోతే సీటు వేరేవాళ్ళకి ఇచ్చేస్తామని కబురొచ్చింది. ఆ రోజే తొలి వేట. నా కొడుకు మొహం చూశాను. అందులో దిగులు లేదు, పెద్ద వల దించేసిన హాయి ఉంది. "ఆ రోజు పిల్ల పేట దాటకూడదు కదమ్మా. గంగమ్మకే ఇట్టం లేదు, నానేటి సేత్తాను?" అన్నాడు. తను కాదనలేక సముద్రం చేత కాదనిపిస్తున్నాడు!

ఇదే మాట నేను ఇంతకు ముందు విన్నాను. నన్ను బడిలో వేస్తామన్న రోజున మా నాన్న కొత్త తెప్ప దించాడు. తలకి నూనె రాసి, జడ వేసి, వాకిట్లో కూచోబెట్టారు. "తెప్ప మీద కెల్తన్నాను, రేపు సేర్పిత్తాన్లే" అన్నాడు నాన్న. మర్నాడు తమ్ముణ్ణి ఎత్తుకోమన్నారు. ఆ తరవాత తట్ట నెత్తికెత్తారు. వన్ టౌన్ సందుల్లో చేపలమ్మా చేపలు అని నా బతుకంతా అరిచాను, ఆ సందుల గోడల మీద ఏం రాసి ఉందో తెలియకుండా. నాకు అక్షరాలు నేర్పింది ఈ మనవరాలే. దాని పలక మీదే దిద్దాను. ఒత్తులు తప్పితే నెత్తిన మొట్టేది కూడా.

తొలి వేట రోజు తెల్లారగట్లే పిల్ల పసుపు నీళ్ళు పోసింది. పడవలు అలలు దాటాక నేను ట్రంకుపెట్టె తీశాను. పడవకి వేయగా మిగిలిన నీలం రంగుతో దాని మూత మీద పిల్ల పేరు నేనే రాశాను, వంకరగా. నా తోటికోడలు సందు మొదట్లో అడ్డొచ్చింది. "ఓలమ్మో! పడవ రాకుండానే పిల్లని దాటిత్తన్నావేటక్కా? ఏటైనా అయితేనో?"

"అయితే నా మీదెయ్యండి. తప్పుకో ముందు."

ధైర్యంగానే అన్నాను. బస్సెక్కాక పిల్లని కిటికీ పక్కన కూచోబెట్టాను. పిల్ల వెనక్కి వెనక్కి చూస్తూ, "నానమ్మా, నాన్న వచ్చేత్తాడు కదా?" అంది. "రాక ఎక్కడికెల్తాడే, ఆకలేత్తే ఆడే వత్తాడు" అన్నాను. లోపల మాత్రం గంగమ్మకి దణ్ణాలు పెట్టాను. దణ్ణాలు చాలవని కాస్త బెదిరించాను కూడా: నా కొడుక్కి ఏమన్నా అయిందో, ఇక నీకు పసుపూ లేదు, కుంకుమా లేదు.

పిల్ల చేరింది. సాయంత్రం పడవ కూడా చేరింది. ఆ రోజు పేటలో అందరి వలలూ ఇంచుమించు ఖాళీగానే వచ్చాయి, కారణం మాత్రం మా ఇంట్లోనే దొరికింది. బావమరిది ఒడ్డున నిలబడి నాకు వినబడేట్టే ఉమ్మేశాడు. నా కొడుకు దసరా దాకా నాతో మాట్లాడలేదు. కూడు మాత్రం నేను వండిందే తిన్నాడు.

ఏడాది తిరిగింది, సెలవులు అయిపోయాయి, మళ్ళీ అదే రోజు, మళ్ళీ అదే "రేపు". వాడికి జవాబు చెప్పబోయాను. అంతలో పిల్ల గుమ్మంలోంచి చెంబు తీసుకుని పడవ దగ్గరికి నడిచింది. ముక్కుకి నీళ్ళు పోసి, వాళ్ళ నాన్న మొహంలోకి చూసి, "నువ్వు ఎల్లొచ్చీ నాన్నా. నానూ ఎల్లొత్తాను" అంది. వాడు ఇంజను మీద విసుక్కున్నాడు. పెట్టె నేను పట్టుకుంటానంటే అది ఇవ్వలేదు. మూత మీద నీలం రంగు ఇంకా పోలేదు.

కోడల్ని తోడిచ్చి పిల్లని బస్సెక్కించాను. మా ఇళ్ళలో మగవాళ్ళకి రేపంటే తెల్లారగానే వస్తుంది. మా నాన్న నాకు చెప్పిన రేపు వచ్చేసరికి, ఆయన నూనె రాయించిన నా జుట్టంతా నెరిసిపోయి ఉంది.