రూతు టీచర్ పేరు మీద నేను రాసిన పోస్టు

ఉల్లిపాయ కోస్తున్నప్పుడు లోపలి పల్చటి పొర బొటనవేలికి అంటుకుంటే ఇప్పటికీ కత్తి పక్కన పెట్టి చెయ్యి దులిపేసుకుంటాను. ఘాటుకి కాదు, భయానికి. విజయవాడలో నా వంటింట్లో నన్ను నిలదీసేవాళ్లెవరూ లేరు. అయినా ఎవరో ఆఫీసు రూముకి రమ్మంటున్నట్టే ఉంటుంది. భయపడింది నేను. ఆ భయం వల్ల నష్టపోయింది మాత్రం రూతు టీచర్.

ఆవిడ కంకిపాడులో మా ప్రైవేటు స్కూల్లో తొమ్మిదో తరగతికి సైన్సు చెప్పేవారు. రోజూ చల్లపల్లి నుంచి బస్సులో వచ్చేవారు. బ్లాగు అంటే ఏమిటో ఊళ్లో సగం మందికి తెలియని రోజుల్లో మా క్లాసు కోసం ఒకటి తెరిచారు. స్కూల్లో నెట్ లేదు కాబట్టి శనివారం మధ్యాహ్నాలు మమ్మల్ని బస్టాండు పక్కన నెట్ సెంటరుకి తీసుకెళ్లేవారు. ఇంగ్లీషు అక్షరాలు కొడుతుంటే తెర మీద తెలుగు పడేది. ఆ వారం నేర్చుకున్నది సొంత మాటల్లో రాయాలి, గైడు వాసన రాకూడదు. కింద ఆవిడ కామెంటు పెట్టేవారు. మెచ్చుకోలు ఉండదు, ఒక్క ప్రశ్న ఉంటుంది. ఏమడుగుతారోనని వారమంతా గుబులుగా ఉండేది. అందరికీ కలిపి అకౌంటు ఆవిడది ఒక్కటే, పాస్‌వర్డు క్లాసందరికీ తెలుసు. ఎవరు రాసినా పోస్టు కింద ‘రూతు’ అనే పడేది. మా పేర్లు చివర మేమే కొట్టుకోవాలి.

ఒకసారి ఉల్లిపొర గురించి రాశాను. మైక్రోస్కోపులో కణాలు ఇటుకల గోడలా కనిపించాయని తెగ వర్ణించాను. కింద ప్రశ్న పడింది: “నాగమణీ, ఏ మైక్రోస్కోపులో చూశావు?”

క్లాసంతా నవ్వింది. మా స్కూలు మైక్రోస్కోపుకి లెన్సే లేదు. పాత బ్యాచ్ వాళ్ల రికార్డు చూసి అందరం బొమ్మ దించేసినవాళ్లమే, నవ్వింది మాత్రం నన్ను చూసి. నాకసలే ఉడుకుమోతుతనం ఎక్కువ. మా అమ్మ సంతలో చేపలమ్మేది, ఆ నోరే నాకూ వచ్చింది. మరుసటి శనివారం ఆవిడ ఎవరికో టైపింగు చూపిస్తుంటే ఉన్నదున్నట్టు రాసి పారేశాను. లెన్సు లేదు, ప్రయోగం లేదు, రికార్డుకి మార్కులు మాత్రం ఇరవైకి ఇరవై. కోపంలో చివర నా పేరు మర్చిపోయాను. మర్చిపోయానో, మానేశానో, ఇప్పటికీ తేల్చుకోలేను.

సోమవారం ఎవరి నాన్నో దాన్ని ప్రింటు తీయించి స్కూలు కరస్పాండెంటు బల్ల మీద పెట్టాడు. ఆఫీసు రూము మా క్లాసు పక్కనే, మధ్య గోడకి కిటికీ, అన్నీ వినబడతాయి.

“తిన్నింటి వాసాలు లెక్కపెడతారా టీచర్ గారూ? కింద మీ పేరే ఉంది కదండీ,” అన్నాడు కరస్పాండెంటు.

“పిల్లలు రాసిందండీ.”

“ఎవరు?”

“అది వాళ్లే చెప్పాలండీ.”

“శనివారం దాకా చూస్తాను. పేరన్నా చెప్పండి, రాజీనామా అన్నా ఇవ్వండి.”

టీసీ చేతిలో పెట్టి పంపేస్తే అమ్మకేం చెప్పాలి? సంవత్సరం మధ్యలో ఏ స్కూలు చేర్చుకుంటుంది? ఆవిడకీ మధ్యలో ఉద్యోగం ఎవరిస్తారన్న ఆలోచన రాలేదు. వచ్చినా పక్కకి నెట్టేశాను.

సాయంత్రం బస్టాండులో చల్లపల్లి బస్సు కోసం చూస్తున్న ఆవిడ దగ్గరికి వెళ్లాను.

“నేనే రాశాను టీచర్.”

“తెలుసు. అట్టా నువ్వు తప్ప ఎవరు రాస్తారే? అది నిజమేనా?”

“నిజమే టీచర్.”

“అయితే కింద నీ పేరు కొట్టు. అబద్ధమైతే తీసెయ్. నేను మాత్రం ముట్టుకోను.”

“మిమ్మల్ని మానిపిస్తారంటగా?”

“నాక్కూడా భయంగానే ఉందే,” అన్నారు. ఒక పెద్ద మనిషి అలా ఒప్పుకోవడం నేను వినడం అదే మొదటిసారి. ధైర్యం రావాల్సింది పోయి నా భయం రెండింతలైంది.

శుక్రవారం ఒక్కదాన్నే నెట్ సెంటరుకి వెళ్లాను. నా పేరు నాలుగు అక్షరాలు. రెండు కొట్టి చెరిపాను. మళ్లీ కొట్టి మళ్లీ చెరిపాను. చివరికి పోస్టే తీసేశాను. అది లేకపోతే గొడవే ఉండదు, ఆవిడకీ మంచిదేనని నాకు నేను నచ్చజెప్పుకున్నాను.

“తప్పు లేకపోతే ఎందుకు తీసేశారండీ?” శనివారం కరస్పాండెంటు అడిగిన మొదటి ప్రశ్న అది. ఆవిడ కిటికీలోంచి మా క్లాసు వైపు చూశారు. నేను పుస్తకంలో తల దూర్చేశాను. ఒక తెల్లకాగితం ఇమ్మని అడగడం వినబడింది.

గేటు దగ్గర నన్ను చూసి ఆగారు. “బాగా రాశావే నాగమణీ. ఉంచాల్సింది,” అన్నారు. అంతే. నాలుగు తిట్టినా బాగుండేది.

తర్వాత ఆవిడ ఎక్కడ చేరారో నాకు తెలియదు. చల్లపల్లి ఎంత దూరం, రెండు గంటలు. మొహం చెల్లక వెళ్లలేదు. తోటివాళ్లు కలిసినప్పుడు, “రూతు టీచర్ ఏదో రాసి, మళ్లీ భయపడి తీసేసిందిగా,” అని ఇప్పటికీ నవ్వుతారు. ఇన్నేళ్లూ టీ తాగుతూ ఊరుకున్నాను. ఆ పోస్టు రాసింది ఆవిడ కాదు. తీసేసిందీ ఆవిడ కాదు. రెండూ నేనే.

నాగమణి, తొమ్మిదో తరగతి.