ఒక్క నిమిషం ఆగే బండి

మాది వీర్నపల్లి పక్క ఊరు. అక్కడ రైలు లేదు. నాయన బొంబాయి పనికి పోవాలంటే సిరిసిల్ల దాకా ఒక బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు. నేను పట్టాలను దగ్గరగా చూసింది పెళ్లయి కోరుట్ల వైపు వచ్చాకే. అవి మా అత్తవారి మెట్టచేను, చెలకలోంచే పోయాయి.

ఆ చెలకలో మా మామయ్య కల్లు గీసే తాటిచెట్లు ఉండేవి. ఎప్పుడో సర్వేవాళ్లు వచ్చి రాళ్లు పాతి వెళ్లారట. ఏళ్లు గడిచినా రైలు రాకపోయేసరికి ఆ రాళ్లకు మేకలను కట్టేసేవారట. తర్వాత ఒక ఎండాకాలం యంత్రాలు వచ్చి చెట్లను కూల్చి మట్టికట్ట పోశాయి. మామయ్య చెట్టెక్కే మోకును గోడ కొయ్యకు తగిలించి, మళ్లీ దించలేదు. ఆయన పోయాక కూడా అత్తమ్మ బండి కూత వినబడితే ముఖం పక్కకు తిప్పుకునేది.

మాకు దక్కిన స్టేషన్ అంటే ఒక రేకుల గది, ఒక పేరు బోర్డు, నేలకు సమానంగా కంకర పరిచిన ప్లాట్‌ఫారం. అలాంటి చోటును హాల్ట్ అంటారు. సిగ్నల్ ఉండదు, స్టేషన్ మాస్టర్ ఉండడు. కమీషన్ మీద టికెట్లు అమ్మే మనిషి ఒకరుంటారు. మా ఆయన దుబాయి వెళ్లిన ఏడాది ఆ పనికి దరఖాస్తు పెట్టుకున్నాను. ఆడమనిషికి రైలుతో ఏం పని అన్నవాళ్లున్నారు. వాళ్లతో వాదించకుండా పదో తరగతి మెమో చూపించి టికెట్ల కట్ట తెచ్చుకున్నాను.

గది ఊడ్చడం, కోరుట్ల నుంచి టికెట్లు తేవడం, వాటి మీద తేదీ ముద్ర కొట్టడం నా పని. డ్రైవర్ బోర్డు చూసి బండి ఆపుతాడు. ఆగేది ఒక్క నిమిషం. అందులోనే ముసలివాళ్లను నడుం పట్టి పైకెక్కించాలి, తాళ్లు కట్టిన సూట్‌కేసులు అందించాలి, గార్డుకు చెయ్యి ఊపాలి. ఆయన పచ్చజెండా చూపితే బండి కదులుతుంది. ఎక్కేవాళ్లలో సగం మంది నిజామాబాద్‌లో దిగి బొంబాయి బండి పట్టుకునేవాళ్లు. అక్కడి నుంచి గల్ఫ్.

ఒకరోజు కాగితం వచ్చింది. టికెట్లు అమ్ముడుపోవడం లేదు కాబట్టి వచ్చే నెల తర్వాత బండి ఇక్కడ ఆగదట. అది అబద్ధం కాదు. వలసపోయేవాళ్లకు ఏజెంట్లు నిజామాబాద్ నుంచే టికెట్లు తీసేవారు. ఇక్కడి నుంచి అక్కడిదాకా వాళ్లు టికెట్ లేకుండానే వెళ్లేవారు. మా ఊరు ఖాళీ అవుతున్న సంగతి కాగితాల్లో ఎక్కడా లేదు.

ఇంటికి వెళ్లేసరికి అత్తమ్మ బీడీల ఆకు కత్తిరిస్తోంది.

"అత్తమ్మా, బండి ఇగ మన దగ్గర ఆగదంట."

"ఎవలన్నరు?"

"కాగితమచ్చింది."

"మన తాటిచెట్లు కొట్టి పట్టాలేసిండ్రు. గిప్పుడు ఆగకుంట పోతరా?" కత్తెర కింద పెట్టింది. "ఆగాల్నంటే ఏం జెయ్యాలె?"

"ఎక్కెటోళ్లందరు టికెట్ కొనాలె."

"గంతేనా?"

ఆమె మరునాడే బీడీలు చేసే ఆడవాళ్ల ఇళ్లన్నీ తిరిగింది. నేను దుబాయి పోయే పిల్లల తల్లులకు చెప్పాను. ఆ నెల అంతా నా కిటికీ ముందు వరుస తగ్గలేదు. ఆటోలో దవాఖానకు పోయేవాళ్లు రైలెక్కారు. బీడీల గంపలు రైలెక్కాయి. ఏ పనీ లేనివాళ్లు పక్క స్టేషన్ దాకా టికెట్ కొని, అక్కడ దిగి నడిచి వచ్చారు. జీవితంలో మొదటిసారి రైలెక్కిన అత్తమ్మ కిటికీ పక్కన కూర్చుని తన చెలక వచ్చినచోట బయటికి చూసిందట. ఏం చూశావని నేను అడగలేదు.

నెలాఖరులో ఒక అధికారి వచ్చాడు. వరుసలో ముందున్న అత్తమ్మను ఆపాడు.

"ఎక్కడికి వెళ్తున్నావమ్మా?"

"కోరుట్లకు."

"ఏం పని మీద?"

"బండెక్కే పని మీదనే. టికెటున్నది, సూడు సారు."

ఆయన నా వైపు తిరిగాడు. నేను అడిగాను: "టికెట్ కొన్నోళ్లను పనేందని అడిగే రూలున్నదా సార్?"

ఆయన వరుస చివరిదాకా చూసి పుస్తకంలో ఏదో రాసుకున్నాడు. తర్వాతి నెల బండి ఆగింది. ఇప్పటికీ ఆగుతోంది. ప్లాట్‌ఫారం ఎత్తు పెంచమని పెట్టిన దరఖాస్తుకు మాత్రం జవాబు లేదు. మళ్లీ మళ్లీ పెడుతున్నాను.

ఆ ఏడాదే చలికాలంలో ఒక మధ్యాహ్నం అదే బండిలోంచి మా ఆయన దిగాడు. వస్తున్నట్టు ఫోన్ కూడా చెయ్యలేదు. చేతిలో ఒక్కటే సంచి. నేరుగా వచ్చి టికెట్ గదిలో కూర్చున్నాడు. పనిచేసే కంపెనీ మూతపడిందని చెప్పాడు.

"ఇంటికి పోదాం, లే," అన్నాను.

"పొద్దు గూకినంక పోత. ఒట్టి చేతులతోని అచ్చిండంటరు."

"నువ్వు దొంగతనం చేసి రాలే. ఎండల కష్టం చేసినవ్. వాళ్లు బంద్ వెడితే సిగ్గు నీకెందుకు? నడు."

కిటికీ మూసి, సంచి నేనే భుజానికి వేసుకున్నాను. చేల వెంట దారి ఉంది గానీ, పంచాయతీ ఆఫీసు ముందునుంచే తీసుకుపోయాను. చాయ్ హోటల్ దగ్గర కూర్చున్న పెద్దమనిషి ఒకాయన అడిగాడు.

"ఏమోయ్, ఎప్పుడచ్చినవ్? సెలవా?"

మా ఆయన కిందికి చూశాడు. నేను జవాబు చెప్పబోయాను. ఈలోగా ఆయనే తలెత్తాడు.

"సెలవు గాదు మామా. కంపెనీ మూతవడ్డది. అచ్చేసిన."

ఆ పెద్దమనిషి బల్ల మీద పక్కకు జరిగి చోటిచ్చాడు. ఇద్దరం కూర్చుని చాయ్ తాగాం.