యారాలి నడుము మీద నా కాలు

పన్నెండేండ్లాయె, నా కుడికాలంటే నాకే అసహ్యం. దీపం పెట్టేముందు ఎడమకాలి మీద చెంబెడు నీళ్లు పోసుకుంట. కుడికాలిని మాత్రం పీచుతో రుద్దుత. మడమ పగిలి మండినా రుద్దుత. ఎందుకో ఇంట్ల ఎవ్వరికీ తెల్వది. మీకు చెప్తున్న. నా పేరు అడగకండి.

నేను బడికి పోలే. బాపు ఇంట్లనే బలపం పట్టించిండు. అక్షరాలతో పాటు ఇంకోటి నేర్పిండు: పొద్దుగూకినాక దీపం ముందర నిలబడి, ఆ రోజు జరిగిన మేలు ఒక్కటన్నా దేవునికి చెప్పుకోవాలె. ఇప్పటికీ తప్పలే.

నేను ఎదురుకాళ్లతో, అంటే కాళ్లు ముందొచ్చి పుట్టిన. మా చొప్పదండి దిక్కు అట్ల పుట్టినోళ్లు మూడుసార్లు తొక్కితే పట్టిన నడుము విడుస్తదని నమ్మకం. పొద్దున్నే పరగడుపున వచ్చి మా గడప దగ్గర బోర్లా పడుకునేటోళ్లు. ఊరి నడుములు తొక్కిన నాకు నా నడుమే శత్రువైంది.

రెండో కాన్పు తర్వాత మొదలైంది. వంగితే పిక్క దాకా తీగ గుంజినట్టు. వాపు లేదు, జ్వరం లేదు, చూపెట్టడానికి ఏం లేదు. "ముద్ద మింగేటప్పుడు రాని నొప్పి వంగేటప్పుడే ఎట్లొస్తదే?" అనేది అత్తమ్మ. నాలుగేండ్లు అట్లనే గడిచినయి. పొద్దున లేస్తనే ఇయ్యాల ఎంత నొస్తదో అని కాదు, ఎంత కనపడాలె అని ఆలోచించేదాన్ని. ఎక్కువ మూలిగితే నాటకం, మూలగకపోతే మంచిగున్నట్టు. నొప్పి కన్నా ఆ లెక్కే నన్ను ఎక్కువ తిన్నది. ఆఖరికి ఒకరోజు బాయి కాడ కూలబడితే అత్తమ్మ నమ్మింది. నాట్లకు రావద్దన్నది. ఉడుకునీళ్లు కాచి ఇచ్చింది. ఆ సాయంత్రం దేవునికి ఎంత మొక్కిన్నో.

మరుసటి యేడు, రేపు నాట్లనంగ, మా మరిది భార్య, నా యారాలు సుజాత నడుము నొస్తుందన్నది. అన్నదమ్ములిద్దరూ దుబాయిల ఉండిరి. పొలం ఆడోళ్ల మీదనే.

"నువ్వే తొక్కి చూడు పెద్దకోడలా. నిజమో అబద్ధమో నీ కాలికి తెలుస్తది" అన్నది అత్తమ్మ.

సుజాత గడప దగ్గర బోర్లా పడుకున్నది. "జర మెల్లగ అక్కా. నేను పోతే నీ గిన్నెలెవరు తోముతరు" అని నవ్వింది.

మూడోసారి తొక్కినప్పుడు నా కుడి మడమ కింద ఆమె కండ ఉలిక్కిపడ్డది. ఆమె కాలు పిక్క దాకా వణికింది. ఆ వణుకు నాకు తెల్సు. నా ఒంట్లదే. నటిస్తే రాదు అది.

"ఏం లేదత్తమ్మా. వట్టి బద్ధకం" అన్న.

"నిజంగ నొస్తుంది అక్కా."

"నొప్పంటే నాకు తెల్వదా?"

ఆమె గడప పట్టుకొని లేచింది.

ఎందుకన్న? ఇద్దరికీ నొప్పంటే ఇద్దరిదీ నాటకమే అంటరని, కష్టపడి సంపాయించుకున్న ఆ నమ్మకం పోతదని భయపడ్డనా? అదీ ఉన్నది. కానీ దాని కింద ఇంకోటి ఉన్నది, కంపు కొట్టేది. నాలుగేండ్లు నేను ఏడ్చినట్టు ఈమె కూడా ఏడవాలె అనిపించింది.

సుజాత పదిరోజులు బురదల వంగి నాటేసింది. కోతల నాటికి ఎడమకాలు మొద్దుబారింది. కరీంనగర్ల ఆపరేషన్ చేసిండ్రు. "నొప్పి మొదలైనప్పుడే వంగకుండ ఉంటే ఇంత దూరం రాకపోవునేమో" అన్నడు డాక్టర్. అత్తమ్మ నేల చూసింది. నేను "అయ్యో" అన్న. ఆ సాయంత్రం దీపం ముందర, ఆపరేషన్ మంచిగ అయిందని దేవునికి మొక్కిన. అబద్ధమాడిన ఆ నోటితోనే.

ఇప్పుడు సుజాత కాలు ఈడ్చుకుంట నడుస్తది. పోయిన వారం చుట్టాలొస్తే, "మా అక్కకు నాకంటే ఎక్కువ నొప్పి. పైకి చెప్పదు పాపం" అనుకుంట నా నడుము కింద దిండు సర్దింది. "అంతా దేవుని దయ" అన్న నేను. అలవాటుగ వచ్చింది. థూ.

ఆమెకు చెప్పలే. చెప్తే "పోనీలే అక్కా" అంటది. ఆ మాట వినే మొఖం నాకు లేదు. ఎన్నడన్నా చెప్తనో లేదో కూడా తెల్వది.

నడుము ఎప్పటి తీరుగనే గుంజుతున్నది. ఇంత రాసి లేచి కాళ్లు కడుక్కున్న. రెండిటికీ ఒక్క తీరుగ నీళ్లు పోసిన. పీచు ముట్టలే. దీపం ముందర ఇయ్యాల మేలు ఏం చెప్పుకోలే. చేసింది చెప్పుకున్న.