ఎడ్లబండి కాపలా

ఎనిమిది నెలల్లో పదకొండు సార్లు అడిగాను. ఆయన నా మెసేజ్ చూస్తాడు, జవాబివ్వడు. అందుకే ఇక్కడ, అందరికీ కనబడేలా రాస్తున్నాను.

ఆయన మహబూబాబాద్ మిర్చి మార్కెట్‌లో గుమస్తా. ఫోన్ గ్రూపులో మాతో కథ ఆట ఆడించేవాడు. కథలో మేమే పాత్రలం. మా పాత్ర ఏం చేస్తుందో మేం రాసేవాళ్లం. ఆయన మిర్చి బస్తా మీద పాచికలు వేసి, ఫొటో పెట్టి, పడ్డ అంకెను బట్టి ఏమైందో చెప్పేవాడు. పాచికల విషయంలో ఏనాడూ అబద్ధమాడలేదు.

పొద్దుగూకేలోపు రాయనివాళ్ల పాత్ర, కథలో మేమంతా తిరిగే ఎడ్లబండికి కాపలా ఉండాలన్నది ఆయన నియమం. నాది భూపాలపల్లి బొగ్గుగనిలో పని, లోపల సిగ్నల్ ఉండదు. అందరూ దొంగల గుహలోకి వెళ్లారు. నా వీరుడు బయట ఎడ్లకు గడ్డి వేస్తూ మిగిలాడు.

"గిదేం న్యాయమన్నా?" అని రాశాను.

"మరి ఎడ్లను ఎవలు చూడాలె తమ్మీ?"

"తమ్ముని ఎడ్లు మస్తు బలిసినయి," అంది జనగామ నుంచి ఆడే అక్క.

ఆ అక్క పాత్ర దొంగలకు చిక్కిన రోజు, గనిలోకి దిగకముందే రాశాను: "బండి తోలుకొని గుహ లోపటికి ఉరుకుతున్న."

"ఆగు తమ్మీ, పాచికలు ఏస్తున్న," అన్నాడాయన.

ఆ తర్వాత ఫొటో రాలేదు. గ్రూపులో ఆట అక్కడే ఆగిపోయింది. మార్కెట్ ఫొటోలు మాత్రం రోజూ స్టేటస్‌లో పెడతాడు. "ఆట గదా, పోనీయి," అంటుంది అక్క. ఎలా పోనిస్తాను? నేను వేళకు రాసింది ఆ ఒక్కరోజే.

అన్నా, పాచికలు ఎంత పడ్డాయి? నేను అక్కను కాపాడానా, లేదా? చెప్పు.