ఆరు గంటలకు నాలుగు పంక్తులు

మార్చి నెల రెండో గురువారం, సాయంత్రం ఐదు గంటల యాభై రెండు నిమిషాలకు నేనూ మావారూ ఆ క్లబ్బులోకి మొదటిసారి అడుగుపెట్టాం. మేం వలస వచ్చి స్థిరపడ్డ క్రాన్‌బర్న్‌లో మా ఇంటికి నాలుగు వీధుల అవతల ఉన్న మాజీ సైనికుల క్లబ్బు అది. పిలిచింది మా పక్కింటాయన. వియత్నాం యుద్ధానికి వెళ్ళి వచ్చిన మనిషి. భార్య పోయాక రాత్రి భోజనం అక్కడే చేసేవాడు.

మా పళ్ళాలు ఇలా వచ్చాయో లేదో, సరిగ్గా ఆరింటికి దీపాలు ఆరిపోయాయి.

"ఇక్కడా కరెంటు కోతలేనా?" అన్నారు మావారు, ఆ నిశ్శబ్దంలో అందరికీ వినపడేలా.

చూస్తే హాలంతా లేచి నిలబడి ఉంది. గోడ మీద చనిపోయిన సైనికుల పేర్ల పలక, దాని కింద ఒక చిన్న దీపం. మా పక్కింటాయన ముందుకు వెళ్ళి, వాళ్ళను తలచుకునే నాలుగు పంక్తులు చెప్పాడు. ఆఖరి మాట అందరూ కలిసి అన్నారు. ఒక నిమిషం మౌనం. మళ్ళీ దీపాలు, మళ్ళీ ఫోర్కుల చప్పుడు. ఎవరూ మావైపు చిరాగ్గా చూడలేదు. రోజూ ఆరింటికి ఇది మామూలేనని ఆయన తరవాత నవ్వుకుంటూ చెప్పాడు. ఆ పై గురువారం నుంచి మావారు అయిదు యాభై తొమ్మిదికే ఫోర్కు కింద పెట్టేసేవారు.

ఆ హాలు కట్టిన వాళ్ళు రెండో ప్రపంచ యుద్ధం నుంచి తిరిగి వచ్చినవాళ్ళు. అప్పుడక్కడ కూరగాయల తోటలు. శనివారాలు వచ్చి, తామే ఇటుకలు మోసి కట్టుకున్నారట. ఇంట్లో చెప్పుకోలేని సంగతులు అక్కడ కూర్చుని చెప్పుకునేవారట. పలక మీద నలభై ఒక్క పేర్లున్నాయని క్లబ్బు కరపత్రంలో ఉంది. నేను లెక్కపెడితే నలభై మూడు. తరవాత చేర్చిన ఇద్దరిని కరపత్రం వేసినవాళ్ళు మరిచారు. చెప్పాను, దిద్దుకున్నారు. లెక్కల టీచరుగా ముప్ఫై ఒక్క ఏళ్ళు పనిచేశాను, చూసి ఊరుకోలేను.

మా పక్కింటాయన మాత్రం యుద్ధం నుంచి వచ్చాక చాలా ఏళ్ళు ఆ గుమ్మం తొక్కలేదు. మీది అసలు యుద్ధమే కాదని ముందుతరం వాళ్ళలో ఒకడు అన్నాడట. చివరికి ఆ తరం పెద్దాయనే ఒకరు ఇంటికి వచ్చి, చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళి, ఆరు గంటల పంక్తులు ఈయనకు అప్పగించాడట. అందుకే అవి ఆయనకు అంత ముఖ్యం.

మేం అక్కడికి వెళ్ళడం మొదలుపెట్టిన నాలుగేళ్ళకు మా పక్కింటాయనకు గొంతులో కేన్సరని తేలింది. ఆపరేషన్‌తో ప్రాణం నిలిచింది, మాట పోయింది. క్లబ్బు వాళ్ళు వేరెవరిదో రికార్డు చేసిన గొంతు పెట్టారు. మంచి గొంతే. కానీ ఆయన ఆరింటికి లేచి బయట కార్ల దగ్గరికి పోయి, దీపాలు వెలిగాక వచ్చేవాడు. మూడు గురువారాలు చూశాను. మనిషి చెప్పకపోతే అది చెప్పినట్టు కాదని ఆయన పట్టు.

నాలుగో వారం కాగితం పట్టుకుని మా ఇంటికి వచ్చాడు. ఇక మీదట కనీసం గురువారాలైనా ఆ పంక్తులు నేను చెప్పాలని రాసి ఉంది. నేను సైన్యంలో లేను, నా ఇంగ్లీషు యాస వేరు, ఇంకెవరినైనా అడగమన్నాను. నాలుగేళ్ళుగా ఆ పంక్తులతోపాటు నా పెదవులు కదలడం చూస్తున్నానని ఇంకో వాక్యం రాశాడు.

"ముప్ఫై ఏళ్ళు పిల్లలచేత ఎక్కాలు అప్పజెప్పించుకున్నావు. నాలుగు ముక్కలు నువ్వు అప్పజెప్పలేవా?" అన్నారు మావారు.

క్లబ్బు సమావేశంలో ఒకాయన ఒప్పుకోలేదు. యూనిఫాం వేసుకున్నవాళ్ళే చెప్పాలన్నాడు. ఆనవాయితీ అదేనని నేనూ అన్నాను. మా పక్కింటాయన తాను ఏళ్ళపాటు ఆ గుమ్మం తొక్కని కథంతా ఒక పేజీ రాసి ఆయన ముందు పెట్టాడు. ఆయన అది రెండుసార్లు చదివి, మడిచి జేబులో పెట్టుకుని నావైపు తిరిగాడు.

"ఆరంటే ఆరే. ఒక్క నిమిషం ఆలస్యమైనా ఒప్పుకోను."

"అయితే ముందు మీ గోడ గడియారం సరిచేయించండి. నలభై సెకన్లు ముందు నడుస్తోంది," అన్నాను.

మొదటి గురువారం మూడో పంక్తి దగ్గర నాకు మాట ఆగిపోయింది. హాల్లో ఒక్కరూ అందించలేదు, దగ్గలేదు, కదల్లేదు. ఆ మర్యాద నేనెప్పటికీ మరవలేను. పంక్తి దానంతట అదే వచ్చింది. ఆఖరి మాట వాళ్ళు అందుకున్నప్పుడు, నాకు ఎదురుగా నిలబడ్డ మా పక్కింటాయన పెదవులు కూడా కదిలాయి.

అప్పటినుంచి డెబ్భై నాలుగు గురువారాలు గడిచాయి. డెబ్భై మూడు నేను చెప్పాను. నా కంటి ఆపరేషన్ నాడు రికార్డు పెట్టారు. ఆయన కార్ల దగ్గరికి వెళ్ళాడట.

మేం మొదట అక్కడ అడుగుపెట్టినప్పటినుంచి పోయినవి: పాత సైనికులు ఏడుగురు, వాళ్ళలో ఆ రోజు నాకు అడ్డు చెప్పినాయన ఒకరు. హాలు వెనక బంతులాడుకునే గడ్డి మైదానం, దాన్ని కార్లు నిలపడానికి ఇచ్చేశారు. ఒక గొంతు. ఒక గురువారం.