మైనం మీద మల్లమ్మ పేరు

1948 ఫిబ్రవరిలో సికింద్రాబాద్‌లోని పిచ్చుక మార్కు గ్రామఫోను రికార్డుల కంపెనీలో చీఫ్ రికార్డిస్టుగా చేరాను. అంతకు ముందు మద్రాసులో ఒక పెద్ద కంపెనీలో అసిస్టెంటుని. పదోన్నతి కదా అని మురిసిపోకండి. పిచ్చుక కంపెనీలో రికార్డిస్టును నేనొక్కడినే. అసిస్టెంటు లేడు, అసిస్టెంటు కూర్చునే కుర్చీ కూడా లేదు. బొల్లారంలో మిషన్ బడి పంతులైన మా నాన్న మాత్రం చర్చిలో కనబడ్డవాళ్లందరికీ మావాడు చీఫ్ అని చెప్పుకొని తిరిగాడు.

యజమాని బాలయ్య సేటు. స్టేషను దగ్గర ఆయనకు హార్మోనియంల దుకాణం ఉండేది. మద్రాసు కంపెనీలు తెలంగాణ గొంతులను పట్టించుకోవడం లేదని ఆయనకు కడుపుమంట. ఆ మంటతోనే దుకాణం వెనక గదికి నాలుగువైపులా గోనెపట్టాలు కొట్టించి కంపెనీ తెరిచాడు. ఆయన లెక్కలో ఏడాదంటే ఉగాది నుంచి ఉగాదికి. మరుసటి ఉగాది నాడు మెట్ల మీద కూర్చుని, "ఈ యేడు మనం ఏమేం తెచ్చినం సామేలూ?" అని నన్ను అడిగితే, లెక్కపెట్టడానికి ఒక్క వేలు చాలింది. ఆ ఒక్క రికార్డూ ఎలా వచ్చిందో చెబుతాను.

ముందు పని సంగతి కొంచెం తెలియాలి. అప్పట్లో పాటను మందమైన మైనం పళ్లెం మీద కోసేవాళ్లం. పళ్లెం తిరుగుతుంటే, మైకులోంచి వచ్చిన శబ్దానికి తగ్గట్టు ఒక సూది దానిలో గాడి తీస్తుంది. ఒక్కో పళ్లేనికి మూడు నిమిషాల పైచిలుకు, అంతే. ఆ పళ్లేన్ని కలకత్తా ఫ్యాక్టరీకి పంపితే వాళ్లు దాని మీదుగా రాగి అచ్చు తీసి, ఆ అచ్చుతో రికార్డులు వేస్తారు. మైనాన్ని వాయించి వినకూడదు. విన్నామా, గాడి చెడిపోతుంది, పాట పోయినట్టే. కాబట్టి ఏ పళ్లెంలో ఎవరి పాట ఉందో చెప్పేది నడిమధ్యన గీకిన నంబరు ఒక్కటే. పాట వద్దనుకుంటే యంత్రం మీద పై పొర పలచగా చెక్కేస్తాం, పళ్లెం మళ్లీ పనికొస్తుంది.

ఆ ఏడాది మైనమే కాదు, ఏదీ దొరకలేదు. ఇండియన్ యూనియన్‌కూ నిజాం సర్కారుకూ పొసగక సరిహద్దులో సరుకులు ఆగిపోయాయి. మా పెట్టె ఒకటి కరోడ్‌గిరి నాకా, అంటే సుంకాల చౌకీ దగ్గర తెరిచి చూసిన జవాను, ఇది ఒంటికి రుద్దుకునేదా, తినేదా అని అడిగి వెనక్కి పంపాడు. ఇక మేం రికార్డు చేసినవన్నీ అలమరలోనే కూర్చున్నాయి. చర్చి బృందం పాడిన కీర్తన మే నెల ఎండలకు కరిగింది. హాస్య నాటిక పళ్లెం చెయ్యిజారి పగిలింది, దానికి ఎవరూ ఏడవలేదు. మిగిలినవి రెండు. ఒకటి మల్లమ్మది, ఒకటి తహసీల్దారు గారిది.

మల్లమ్మ బొల్లారంలో కల్లు కాంపౌండు దగ్గర పాడేది. పాటలు తనే కట్టేది. గొంతు విప్పితే పరేడ్ మైదానం అవతలికి వినబడేది. నోరు విప్పితే ఇంకా దూరం. అయితే ఆమెకొక బాధ ఉండేది. లింగమ్మ అనే మరొకామె ఈ పాటలన్నీ నేర్చుకుని, సికింద్రాబాద్ పెళ్లిళ్లలో నావేనని పాడి పేరు కొట్టేస్తోంది. ఎవరు ఎవరి పాట దొంగిలించారన్నది కల్లు కాంపౌండులో రోజూ పంచాయితీ. ఎక్కువ కుండలు తాగించినవాళ్లదే తీర్పు.

పాతకాలం రికార్డుల్లో ఒక ఆచారం ఉండేది. పాట అయిపోగానే పాడినవాళ్లు తమ పేరు తామే చెప్పేవాళ్లు. భాష తెలియని ఫ్యాక్టరీ వాళ్లు ఎవరి పాటకు ఎవరి చీటీ అతికించాలో తెలుసుకోవడానికి పెట్టిన పద్ధతి అది. మద్రాసులో ఎప్పుడో మానేశారు. కాంపౌండులో ఉన్న ఒక పాత రికార్డులో మల్లమ్మ ఆ మాట విన్నది. తనకూ అలాగే కావాలని పట్టుబట్టింది. పాటే గీతకు గీత సరిపోతోంది, పేరుకు చోటు లేదు, చీటీ మీద అచ్చు వేస్తాం కదా అన్నాను.

"కాగితం మీద ఎవల పేరన్న అతికియ్యొచ్చు సారూ. నాకు సదువొస్తదా, లింగికి సదువొస్తదా? నా నోటితోని నేను చెప్తే ఎవడు గీకి తీస్తడు?" అంది.

చోటు లేదన్నాను. పేరు లేకుండానే పాడింది. దిగులు గొంతులోకి రానివ్వలేదు, ఆ పాట అంత బాగా మళ్లీ ఎవరూ పాడలేదు.

మరుసటి వారం తహసీల్దారు నర్సింగరావు గారు వచ్చారు. సర్కారు వారి చల్లని పాలన మీద స్వయంగా పద్యాలల్లి, స్వయంగా పాడతానన్నారు. చివర తమ పేరు, హోదా కూడా చెబుతామన్నారు. చోటు లేదని నేను నోరు తెరవబోతే సేటు నా కాలు తొక్కాడు. ఒక పద్యం తగ్గించాం. ఒక పద్యం తగ్గితే లోకానికి మేలేనని నేనూ సర్దుకున్నాను. ఆయన హార్మోనియంతో పోటీపడి దగ్గుతూ, బల్ల గుద్దుతూ పాడి, చివర తాలూకా కచేరీలో హాజరు పలికినట్టు పేరు చెప్పారు.

బయట మెట్ల మీద కూర్చున్న మల్లమ్మ అంతా విన్నది. "గా ఆయనకు జాగ ఉన్నది, నాకు లేదా?" అని నిలదీసింది. ఆయన తహసీల్దారు. అదే చెప్పాను, ఆమెకు అది జవాబుగా ఆనలేదు.

సెప్టెంబరులో పోలీసు చర్య జరిగినప్పుడు నేను బెజవాడలో ఉన్నాను. మా పెద్దమ్మ అంత్యక్రియలకు వెళ్లి, రైళ్లు ఆగిపోయి అక్కడే చిక్కుపడ్డాను. నేను వచ్చేసరికి సర్కారు మారింది, వీధిలో జెండాలు మారాయి, మా అలమర ఖాళీ అయింది.

సేటు గర్వంగా జరిగింది చెప్పాడు. మిలిటరీ వాళ్లు తలాషీకి, అంటే సోదాకు వస్తే నిజాం సర్కారు పొగడ్త పట్టుబడుతుందని మొదట తహసీల్దారు పళ్లెం మీది నంబరు గీకి చెరిపేశాడు. నంబరు లేని పళ్లెం ఒక్కటే ఉంటే అనుమానమొస్తుందని రెండోదాని నంబరు కూడా గీకేశాడు. ఓరి దేవుడా! మర్నాడు అది కూడా చాలదనిపించి ఒకటి చెక్కేయాలనుకున్నాడు. ఏది? రెండూ దీపం దగ్గర పెట్టి చూశాడట. ఒకదాని గాడి నున్నగా, ఒకదానిది గరుకుగా ఉంది.

"మల్లమ్మ గొంతు నీకెరుకే గద. గరుకుగున్నది ఆమెదే. నున్నగున్నది చెక్కేసి, ఆమెది మొదటి గూడ్సుల కలకత్తకు తోలిన. ఎట్లున్నది మన దిమాగు?" అన్నాడు.

ఆ గరుకు గొంతువల్ల వచ్చిందో, దగ్గువల్ల వచ్చిందో నాకు అనుమానమే. కానీ పెట్టె అప్పటికే వెళ్లిపోయింది. చెక్కిన పళ్లెం చూద్దును కదా, భయంలో లోతుగా చెక్కి దాన్ని అప్పడం చేసి పెట్టాడు, మళ్లీ దేనికీ పనికిరాదు. ఇంకో విషయం ఆయనతో అనలేదు: తలాషీకి ఎవరూ రాలేదు, వచ్చినా మైనం చూసి పాట చెప్పగల సిపాయి ఏ సైన్యంలోనూ లేడు.

ఫ్యాక్టరీ మొదట ఒక నమూనా రికార్డు పంపుతుంది. అది విని సరేనంటేనే మిగతావి వేస్తారు. నమూనా వచ్చిన రోజు మల్లమ్మ ఎర్రంచు చీర కట్టుకుని, తన గల్లీ వాళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. సేటు పేడాలు తెప్పించాడు. నేను సూది పెట్టాను. హార్మోనియం మోగింది. తర్వాత ఎవరో దగ్గారు.

మూడు నిమిషాలూ పద్యాలూ దగ్గులూ సాగాయి. ఆఖర్న పేరు, హోదా స్పష్టంగా వినిపించాయి. గల్లీవాళ్లు ముందు పకపకా నవ్వారు, మల్లమ్మ ముఖం చూసి ఆపేశారు. ఆమె నేల మీద కూలబడి, "నా పాట ఏడబాయె సేటూ? నేను నీకేం జేసిన?" అని ఏడ్చింది. ఆమె ఏడవగా చూడటం నాకదే మొదలు. పేడా చేతిలో పట్టుకుని సేటు గోనెపట్టాల వైపు తిరిగి నిలబడ్డాడు.

అప్పుడామె లేచి, ముక్కు చీదుకుని, రికార్డును కొంగులో చుట్టుకుని వెళ్లిపోయింది.

పాత ఉద్యోగులు ఎవరెవరు ఏం చేశారో కొత్త సర్కారు తరచి చూస్తున్న రోజులవి. నర్సింగరావు గారు అప్పటికే ఖద్దరు తొడిగి, వచ్చినవాళ్లకల్లా దండలు వేస్తున్నారు. ఇలాంటి కబురు ఆగుతుందా? రెండో రోజే టాంగా దిగి మా దుకాణానికి వచ్చారు. మల్లమ్మను పిలిపించారు. "అమ్మా మల్లమ్మా, అది జెర ఇటియ్యి" అన్నారు. తహసీల్దారు నోట అమ్మా అన్న మాట ఆ దుకాణం అంతకు ముందు విని ఉండదు.

"ఇస్త దొరా. ఈ కొత్త సర్కారుకు సుత వినిపిద్దామనుకున్న గని, మీరు అడిగిన్రు గద," అంది మల్లమ్మ. "నా పాట నాకు గావాలె. సివరకు నా పేరు, నా నోటితోని. గప్పుడే ఇస్త."

పాట మళ్లీ పాడాలంటే మైనం కావాలి. మేం తెప్పించిన కొత్త మైనం స్టేషను గోదాములో, నెలలుగా పేరుకున్న పార్సిళ్ల గుట్ట కింద ఎక్కడో ఉంది. మేం అడిగితే, రేపు రండి అనేవారు. నర్సింగరావు గారు తామే వెళ్లారు. సాయంత్రానికి ఖద్దరంతా మసి చేసుకుని, మైనం పెట్టెను పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని టాంగాలో తెచ్చారు.

రికార్డింగు రోజు రైలు కూతల మధ్య సందు చూసుకుని, ఇక పాడమని ఎర్ర దీపం వెలిగించాను. చోటు మాట ముందే చెప్పాను. మల్లమ్మ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "ఓ చరణం తీసెయ్. పేరు తియ్యకు" అంది. నర్సింగరావు గారు వింటానని పట్టుబట్టి ఓ మూల కూర్చున్నారు. దగ్గు రాకుండా మూడు నిమిషాలూ రుమాలు నోట్లో కుక్కుకున్నారు. పాట అయింది. హార్మోనియం ఆగింది. మల్లమ్మ మైకు దగ్గరికి వంగింది.

"నేను బొల్లారం మల్లమ్మను. ఈ పాట నేనే కట్టిన. ఇంకెవలన్న నాదంటే నమ్మకుండ్రి."

సూది ఎత్తాను. ఆమె కొంగు విప్పి రికార్డు ఇచ్చింది. నర్సింగరావు గారు దాన్ని వాకిట్లోకి తీసుకెళ్లి మోకాలికేసి కొట్టి ముక్కలు చేసి, తేలిగ్గా ఊపిరి తీసుకుని, తనివితీరా దగ్గారు. కలకత్తాలో రాగి అచ్చు ఉంటుందన్న సంగతి ఆయన అడగలేదు. మేమూ చెప్పలేదు.

ఉగాదికి ముందు బయటకొచ్చిన మా రికార్డు అదే. పెళ్లిళ్లలో లౌడ్‌స్పీకర్ పెట్టేవాళ్లు దాన్ని అరిగిపోయేదాకా వేశారు. పాట చివరికొచ్చేసరికి పిల్లాజెల్లా అందరూ మల్లమ్మతో కలిసి ఆ మూడు మాటలూ అరిచేవాళ్లు. ఒక పెళ్లిలో లింగమ్మ పాట ఎత్తుకోగానే పందిరంతా ఆ మాటలే అరిచిందట. ఆమె ఆ పాట మానేసింది.

తర్వాత మైనం పోయి టేపు వచ్చింది. ముప్పై ఏళ్లకు పైగా నేను ఎంతోమందిని రికార్డు చేశాను. చీటీ చిరుగుతుంది, నంబరు చెరుగుతుంది, యజమాని భయపడతాడు. అందుకని పాట మొదలుకాక ముందే ఎవరి పేరు వాళ్ల నోటితో టేపు మీద చెప్పించేవాణ్ని. ఎంత పెద్ద విద్వాంసుడైనా సరే. నన్ను ఎరగరా అని కొందరు కోప్పడేవాళ్లు. ఎరుగుదునండీ, అయినా చెప్పండి అనేవాణ్ని.