చెంపదెబ్బ లేని కామెడీ

గోదావరి కామెడీ సినిమా ఎలా మొదలవ్వాలో మా సార్ బోర్డు మీద వరసగా రాశారు. ముందు కొబ్బరితోటల మీద డ్రోన్. తర్వాత కాలవగట్టున బండి దిగుతున్న హీరో బూటు. ఆ తర్వాత లుంగీ కట్టి మాటకోసారి "ఆయ్" అనే కమెడియన్. హీరో వాడి చెంప పగలగొడతాడు. అక్కడ హాలంతా నవ్వాలి. ఇవన్నీ ఉంటేనే మార్కులు. అమలాపురంలో డిగ్రీ ఆఖరి ఏడాది, రెండు నిమిషాల సినిమా ఓపెనింగ్ తీయడం మా ప్రాజెక్టు.

నాకు ఒళ్లు మండింది. మా నాన్న లుంగీ కడతారు, ఆయ్ అంటారు. గునపం పాతి కొబ్బరికాయలు ఒలవడం ఆయన పని. నేను ఫస్టియర్‌లో చేరిన రోజు కాలేజీ ఆఫీసులో గుమాస్తా ఏం చెప్పినా "ఆయ్, అలాగేనండి" అన్నారు. వెనక లైన్లో వాళ్లు కిసుక్కున నవ్వారు. నవ్విందెవరు? బండారులంక వాళ్లు, ఐనవిల్లి వాళ్లు, ఇంట్లో అదే మాట మాట్లాడేవాళ్లు. సినిమాలు చూసి చూసి మన మాటకి మనమే నవ్వడం నేర్చుకున్నాం, ఖర్మ. ఆ రోజు నుంచి నాన్న మా కాలేజీకి ఎప్పుడొచ్చినా టీవీలో వార్తలు చదివినట్టు "అవునండి" అనేవారు. అది వింటే నాకు ఏడుపొచ్చేది.

మా గ్రూపులో నలుగురం. దెబ్బ తినడానికి ఎవరూ ఒప్పుకోలేదు. హీరో వేషం కుర్రాడు నాకు చెప్పకుండా మా ఇంటికెళ్లి నాన్నని అడిగేశాడు. ఆయన సరేననేశారు. డైరెక్టర్ని నేను. మా నాన్నని నేనే కొట్టించి కాలేజీ చేత నవ్వించాలా? ఇల్లు పీకి పందిరేశాను. "మాటిచ్చేసేనమ్మా, రెండు దెబ్బలకేముందిలే" అన్నారు నాన్న.

షూటింగు కాలవగట్టునున్న మా వాకిట్లోనే. పెళ్లిళ్లు తీసే ఫొటోగ్రాఫరు డ్రోన్ ఎగరేశాడు, బూటు దిగింది, నాన్న ఆయ్ అన్నారు. అంతా సార్ చెప్పినట్టే. హీరో చెయ్యెత్తాడు. ఎత్తి, "ఏమనుకోకండి బాబాయ్ గారూ" అన్నాడు. కట్. మళ్లీ తీశాం, మళ్లీ అదే. పెద్దవాళ్లని గారు లేకుండా ఎన్నడూ పిలవని నోరది. చెయ్యి లేస్తే చాలు, ఆ మాట దానంతటదే వచ్చేస్తోంది. నాలుగోసారి వాడు ఎత్తిన చేత్తోనే మొహం తుడుచుకున్నాడు. నాన్నకి జాలేసింది.

"మొహం ఎలా వాడిపోయిందో. ముందీ బొండం తాగండి బాబూ, తాగేక కొడుదురుగాని. నేనెక్కడికీ వెళ్లనండి, ఆయ్" అంటూ బొండం చెక్కి చేతిలో పెట్టారు. వాడు బుద్ధిగా తాగాడు. నేను కెమెరా ఆపలేదు.

అదే ఉంచాను. సార్ చూసి, "దెబ్బేదమ్మా? కామెడీలో ఒకడు లోకువగా ఉండాలి. ఇలాగైతే మార్కులు తగ్గిస్తాను" అన్నారు.

"తగ్గించండి సార్. లోకువకి హీరో ఉన్నాడుగా" అన్నాను. మాట వెనక్కి తీసుకోలేదు.

ప్రదర్శన రోజు నాన్న ఫ్యాంటు వేసుకుంటానన్నారు. పట్టుబట్టి లుంగీతోనే తీసుకెళ్లాను. తెర మీద ఆయన మొదటి ఆయ్‌కి హాల్లో ఆ పాత నవ్వే లేచింది. పక్కన నాన్న తల దించుకున్నారు. ఎందుకు తెచ్చానురా దేవుడా అనుకున్నాను. అంతలో హీరో చెయ్యెత్తి "ఏమనుకోకండి" అన్నాడు. ఈసారి నవ్వు వాడి మీదకి మళ్లింది. "తాగేక కొడుదురుగాని" దగ్గర సార్ కూడా ఆపుకోలేకపోయారు. నాన్న మెల్లగా తలెత్తి చూశారు.

సార్ అన్నట్టే మార్కులు తగ్గించారు, తగ్గించుకోనీ. ఆ రోజు లైట్లు వేశాక మాత్రం మా వరస దగ్గరికొచ్చి, "ఆ బొండం ఇచ్చింది మీరేనాండి?" అని అడిగారు. హాలంతా ఇటే చూస్తోంది. నాన్న నా వైపొకసారి చూసి, లేచి నిలబడ్డారు.

"ఆయ్, నేనేనండి" అన్నారు, ఆ కాలేజీలో మూడేళ్ల తర్వాత.